దడకట్టు

మా ఆవిడకి భయం పోయింది. అప్పట్నుంచి అది నన్ను పట్టుకుంది.

నవ్వించడానికి చెబుతున్నానని అనుకోకండి. నా పేరు కూర్మారావు. పేరుకు తగ్గట్టే ఎక్కడ చిన్న చప్పుడైనా మెడ లోపలికి లాక్కునే జాతి. విశాఖపట్నంలో ఓ పాలిటెక్నిక్‌లో కంప్యూటర్ల భద్రత పాఠం చెబుతాను. అంటే జీతం పుచ్చుకుని పిల్లల్ని భయపెడతాను. అసలు పనితనమంతా మా ఆవిడ సత్యవేణిది. ఆవిడ కోడు రాస్తుంది, నేను దానికి తోక తగిలిస్తాను. ఆ తోకని నోట్సు అంటారు. ఇద్దరం కలిసి ‘కోడు ముక్కలు’ అని ఇంటర్నెట్టులో ఓ పేజీ నడుపుతున్నాం. పెట్టిన కొత్తలో ఎవరో కోడి ముక్కలనుకుని, మసాలా ఎంత వెయ్యాలని అడిగారు. నేను జవాబిచ్చాను కూడా. వంట కుదిరిందట.

పేజీలో ఉండేది పనికొచ్చే చిన్న చిన్న ప్రోగ్రాము ముక్కలు. పాస్‌వర్డు పాసిపోకుండా ఎలా కాపాడుకోవాలి, ఇంట్లో కెమెరా పక్కింటివాడి కంట్లో పడకుండా ఏం చెయ్యాలి, అలాంటివి. కావలసినవాళ్ళు కావలసింది ఎత్తుకుపోతారు. తోడు కోసం గిన్నె పట్టుకొచ్చిన పక్కింటావిడ ఆ మజ్జిగ ఎన్నాళ్ళదని అడుగుతుందా? మా పాఠకులూ అడగరు. ముక్క తీసుకుంటారు, వేసుకుంటారు, ‘సూపర్ మేడమ్’ అని పెట్టి పోతారు. లోపల ఏముందో చదివినవాణ్ణి నేనింతవరకూ చూడలేదు.

రెండేళ్ళ కిందట సత్యవేణి ఎక్కిన బస్సు ఘాటీ రోడ్డులో బోల్తా పడింది. ఒంటి మీద దెబ్బలు మానాయిగాని లోపల దడ మానలేదు. వీధిలో లారీ హారన్ కొడితే ఇంట్లో ఈవిడ మంచం కోడు పట్టుకునేది. రోడ్డు దాటడం మానేసింది, తర్వాత గుమ్మం దాటడం మానేసింది. అప్పుడు డాక్టర్ నజీమా గారి ప్రయోగశాలలో తయారైన ఒక పట్టీ దొరికింది. చెవి వెనక రూపాయి బిళ్ళంత ఉంటుంది. వాళ్ళు దానికి నోరు తిరగని పేరేదో పెట్టారు. నేను ‘దడకట్టు’ అన్నాను. ఆ పేరే నిలిచింది.

దాని పని మాటల్లో చెబితే సులువే. ఒంట్లో దడ పుట్టగానే పట్టీ దాన్ని పసిగడుతుంది. ఇది నిజం దడా, ఉత్తుత్తి దడా అని పోల్చి చూస్తుంది. కుక్క కరవడానికి వస్తుంటే నిజం, వదిలేస్తుంది. కుక్క బొమ్మ చూసి పుడితే ఉత్తుత్తిది, నరాన్ని జోకొడుతుంది. ఏదీ తేలకపోతే మాత్రం కీచుకీచుమని మొరపెట్టుకుంటుంది. అప్పుడు మనిషి ఓసారి చుట్టూ చూసుకుని ఫోన్లో చెప్పాలి, నిజమో కాదో.

పట్టీ పెట్టిన నెలకే సత్యవేణి బజారుకి వెళ్ళి బీరకాయలు తెచ్చింది. బీరకాయల్ని చూసి ఏడ్చిన మొగుణ్ణి నేనొక్కణ్ణే అయ్యుంటాను.

ఆ కీచులాట ఒక్కటే మా ప్రాణం తీసేది. సినిమా హాల్లో కీచు, పెళ్ళిలో తాళి కట్టే వేళ కీచు. పురోహితుడు మంత్రం ఆపి మా వైపు చూశాడు. దడకట్టు వాడేవాళ్ళందరిదీ అదే గోల. సత్యవేణి ఓ ముక్క రాసింది, మొర వినపడకుండా. పేజీలో పెట్టింది. ఒక్క పూటలో అందరూ ఎత్తుకుపోయారు. ఆ కిందన నోట్సు రాసింది నేనే: ‘కీచులాటకి కీళ్ళు విరిచే ముక్క’. అప్పటికి నా కూత అలా ఉండేది.

ఓ ఆదివారం పొద్దున్న నేను పేపరు చదువుతున్నాను. వంటింట్లోంచి వాసన. గ్యాసు.

"సత్యా, ఏంటా వాసన?"

"పాలు పొంగి స్టవ్వు ఆరిపోయిందండీ. ఎప్పుడారిందో ఏమో, ఇల్లంతా గ్యాసే," అంది, కూరగాయలవాడు వచ్చాడన్నట్టు.

వెళ్ళి చూద్దును కదా, ఆవిడ చేతిలో లైటరు. బొటనవేలు దాని మీద ఉంది. స్టవ్వు మళ్ళీ వెలిగించబోతోంది.

నా గొంతులోంచి ఏ శబ్దం వచ్చిందో నాకే తెలియదు. లైటరు లాక్కుని కిటికీలోంచి పెరట్లోకి విసిరేశాను. సిలిండరు కట్టేసి, తలుపులన్నీ బార్లా తెరిచి, ఆవిణ్ణి వీధిలోకి ఈడ్చుకొచ్చాను. ఇద్దరం అరుగు మీద కూర్చున్నాం.

"ఏంటండీ ఆ గోల? చుట్టుపక్కలవాళ్ళు ఏమనుకుంటారు?"

"గ్యాసు నిండిన ఇంట్లో లైటరు కొడితే ఏమవుతుందో తెలుసా నీకు?"

"తెలీకేం? పేలిపోతుంది," అంది నెమ్మదిగా.

తెలుసు. ఆవిడకి అన్నీ తెలుసు. తెలిసినదానికి ఉలిక్కిపడటం ఒక్కటే లేదు. అప్పుడు వరసపెట్టి గుర్తొచ్చాయి. నిన్న బస్సు ఆగకముందే దిగింది. మొన్న డాబా మీద పిట్టగోడ ఎక్కి కూర్చుని ఫోన్లో మాట్లాడింది. నేను ధైర్యం వచ్చిందనుకుని మురిసిపోయాను.

*

నజీమా గారి ప్రయోగశాల సముద్రం వైపు కొండ మీద ఉంటుంది. నేను చెప్పిందంతా విని ఆవిడ సత్యవేణి పట్టీ పంపిన సమాచారం తెర మీద తెరిచారు.

"చాలా నెలలుగా ఒక్క మొర కూడా లేదు మాస్టారూ. మేమైతే బాగా కుదిరిందనుకున్నాం."

"ఏడవని పిల్ల ఆరోగ్యంగా ఉన్నట్టేనా డాక్టరు గారూ?"

ఆవిడ నా మొహం కేసి చూసి లేచారు. బల్ల మీద ఓ రబ్బరు తల ఉంది. దాని చెవి వెనక కొత్త పట్టీ అంటించి, మా పేజీలోని మొర ఆపే ముక్క అందులో వేశారు. తర్వాత తలకి రకరకాల దడలు పంపించారు. ఉరుము వినిపించారు. పట్టీ తేల్చుకుంది. కుక్క అరుపు. తేల్చుకుంది. అప్పుడు తప్పు దారిలో ఎదురొచ్చే లారీని పంపించారు. తేల్చుకోలేదు. మొరపెట్టుకోవాలి. మొర రాలేదు. జోకొట్టింది. కాలి కింద జారుతున్న అంచు. జోకొట్టింది. గ్యాసు వాసనకి ఒళ్ళు పలికే తీరు. జోకొట్టింది. రబ్బరు తల నవ్వు మొహంతో అలాగే ఉంది.

"అర్థమైందా? నిజమైన ప్రమాదం ఎప్పుడూ కొత్తగానే వస్తుంది. కొత్తది కాబట్టి యంత్రం తేల్చుకోలేదు. తేలనిదల్లా ఉత్తుత్తిదే అనుకోమని ఈ ముక్క చెబుతోంది." ఆవిడ చున్నీ అంచు వేలికి చుట్టుకుంటున్నారు. "ఇది ఎంతమంది వేసుకున్నారు?"

"దడకట్టు ఉన్నవాళ్ళందరూ," అన్నాను. "పీకేద్దాం. ఇవాళే పీకేద్దాం."

"పీకకూడదు. ఆపిన దడంతా ఒక్కసారి మీద పడుతుంది. మొదట్లో ఓ పెద్దాయనకి పట్టీ ఊడిపోతే గుండె ఆగింది. ఎలాగో మళ్ళీ కొట్టించాం. కొద్దికొద్దిగా దించాలి. అంటే కోడు మార్చాలి."

"మార్చండి మరి!"

"మా చేతుల్లో లేదు. వేసుకున్నవాళ్ళే బొటనవేలితో ఒప్పుకోవాలి. ఒకరి భయంలో ఇంకొకరు వేలు పెట్టకూడదని ఆ తాళం రాసింది ఎవరో తెలుసుగా?"

తెలుసు. పట్టీ పెట్టిన కొత్తలో మా ఆవిడే రాసి వీళ్ళకిచ్చింది. ఆ రోజు ఆ తాళానికి నేను మెచ్చుకుంటూ రాసిన నోట్సు పేజీలో ఇంకా ఉంది.

*

ఇంటికొచ్చి పేజీలో ఎర్రక్షరాలతో హెచ్చరిక పెట్టాను. ఇన్నేళ్ళు భద్రత పాఠం చెప్పిన అనుభవమంతా పోసి రాశాను. అది చదివితే బండరాయికి కూడా చెమట పట్టాలి. సాయంత్రానికి జవాబులొచ్చాయి. ‘బాగా రాశారు సార్.’ ‘మీ శైలే వేరు.’ బొటనవేళ్ళు, పకపకా నవ్వే పసుప్పచ్చ మొహాలు. ఒక్కడూ కంగారుపడలేదు. ఎలా పడతాడు? భద్రత పాఠమంతా భయం మీద కట్టిన మేడ. భయమే లేనివాడికి హెచ్చరిక చదివిస్తే అది సాహిత్యం అవుతుంది.

వాళ్ళలో నాకు ముఖం తెలిసినవాడు సింహాద్రి. ఊరి చివర కడుతున్న ఓ ఎత్తయిన భవనం దగ్గర క్రేను నడుపుతాడు. తోటివాడు పైనుంచి పడటం కళ్ళారా చూశాక నిచ్చెన ముట్టుకోలేకపోయాడు. దడకట్టు వచ్చాకే మళ్ళీ పైకెక్కాడు. సత్యవేణిని చూస్తే దండం పెట్టేవాడు. నేను క్రేను కిందకి వెళ్ళి ఫోను చేశాను.

"ఏటి మాస్టారూ, ఇలగొచ్చేరు?"

"ఎక్కడున్నావయ్యా? కనిపించవేం?"

"పైకి సూడండి."

చూశాను. క్రేను చెయ్యి చివర, గాలిలో, కాళ్ళు వేలాడేసుకుని కూర్చున్నాడు. నడుముకి బెల్టు లేదు. ఒక చేతిలో ఫోను, ఇంకో చేతిలో టిఫిను డబ్బా.

"సింహాద్రీ! బెల్టు పెట్టుకో నాయనా! లోపలికి పో!"

"ఎందుకు బెదిరిపోతన్నారు? ఇక్కడ గాలి బాగుంటాది మాస్టారూ. సముద్రం కనిపిస్తాది. మా పోలమ్మ పులిహోర కట్టింది, కిందకి దించీమంటారా?"

తల తిరిగి క్రేను స్తంభం పట్టుకున్నాను. అతను నవ్వుతున్నాడు. గాలికి క్రేను చెయ్యి ఊగుతోంది. చూడలేక కళ్ళు మూసుకుని ఆటో దాకా తడుముకుంటూ నడిచాను.

*

ఇంటి దగ్గర సత్యవేణిని బతిమాలాను, తిట్టాను, ఏడ్చాను. "చనిపోతావే," అన్నాను. "పోతే పోతానండీ, ఎప్పుడో అప్పుడు," అంది, నా కన్నీళ్ళు తుడిచి. ఆవిడ వేళ్ళు ఎంత నిబ్బరంగా ఉన్నాయో! ప్రేమ అలాగే ఉంది. జాలి ఉంది. నా కుళ్ళు జోకులకి నవ్వడం కూడా ఉంది. ఒక్క గది మాత్రం ఖాళీ. ఆ గది తలుపు ఎంత బాదినా లోపల పలికేవాళ్ళు లేరు.

ఇంకో తలుపు వెతకాలి.

మా పేజీకి చాలామంది తాము రాసిన కోడు పంపుతారు, తప్పులు చూసిపెట్టమని. సత్యవేణి చూస్తుంది. చూడ్డం అంటే నిమ్మళంగా చూడ్డం కాదు. అందరూ చాటుగా ‘కత్తెరమ్మ’ అంటారు. తప్పు తనవాళ్ళది కదాని ఎవరినీ వదల్లేదు. అన్నగారి కొడుకు పంపిన కోడుని కొరివితో కాల్చి పంపించింది. ఇంకో సంగతి, ఈ వృత్తిలో అందరికీ తెలిసినదే: తను రాసిన కోడైనా కొన్ని నెలలు పోతే తనకే పరాయిదవుతుంది. ఆనవాలు పట్టలేరు.

ఆ ముక్కని వేరే కాగితం మీదకి ఎత్తి, ఆవిడ టీ తాగుతుండగా ముందు పెట్టాను.

"శ్రీకాకుళం నుంచి ఎవరో పంపారు. చూసిపెడతావా?"

నేను అబద్ధం ఆడితే చెవులు ఎర్రబడతాయి. ఆవిడ చెవుల వైపు చూడలేదు. కళ్ళజోడు పెట్టుకుని పైకి చదివింది.

"దడని పోల్చు. తేలితే, నిజమైనది వదులు, ఉత్తుత్తిది ఆపు. బాగానే ఉంది. తేలకపోతే..." ఆగింది. "తేలకపోతే ఉత్తుత్తిదే అనుకో. చప్పుడు చెయ్యకు. కింద ఏం రాశాడు? ‘తర్వాత చూద్దాం’."

కప్పు కింద పెట్టింది.

"ఎవడండీ ఈ దరిద్రుడు? తప్పు వస్తే పట్టుకుని మింగేస్తాడా? తెలీదంటే తెలీదని అరవాలి గాని, తెలీనిదాన్ని లేనిదనుకోమంటాడా? వీడు కోడు రాశాడా, శవానికి గంధం పూశాడా? తర్వాత చూద్దామట! తర్వాతంటే ఎప్పుడు, తద్దినం నాడా? ఇది ఎవరైనా వాడుతున్నారా?"

"చాలామంది."

"ముందు ఆపించండి. వాడి పేరు చెప్పండి, నేనే ఫోను చేస్తాను."

"సత్యవేణి," అన్నాను.

ఆ కాగితం మళ్ళీ మొదట్నుంచి చదివింది. నాకు గుండె నోట్లోకొచ్చింది. ఆవిడకి రాలేదు. నవ్వింది.

"నేనేనా? ఛీ! ఇంత ఛండాలంగా రాశానా?" అని లాప్‌టాప్ దగ్గరికి లాక్కుంది. "లేవండి, అడ్డం. సరిచెయ్యాలి."

ప్రాణభయం కదిలించలేనిదాన్ని రోత కదిలించింది. నేను గోడకి ఆనుకుని నిలబడి, ఆవిడ వేళ్ళు మీటల మీద పరిగెత్తడం చూశాను.

కొత్త ముక్క నజీమా గారు రబ్బరు తల మీద పరీక్షించారు. తేలని దడని రోజుకింత చొప్పున వదులుతుంది. ఎప్పుడు వద్దనుకున్నా బొటనవేలితో ఆపెయ్యొచ్చు. మొదటి వాక్యం సత్యవేణి స్వయంగా రాసింది: ‘ఇది మీ భయాన్ని మీకు తిరిగి ఇస్తుంది.’

"అలా రాస్తే ఎవరూ తీసుకోరు. బ్యాటరీ ఎక్కువసేపు వస్తుందని రాద్దాం," అన్నాను.

"అబద్ధం చెప్పి మనిషి లోపలికి వెళ్ళేవాణ్ణి మీరు క్లాసులో ఏమని పిలుస్తారు?"

ఆ వాక్యమే ఉంచాం. తీరా చూస్తే చాలామంది ఆ వాక్యం చదివి కూడా నొక్కారు. భయం లేనివాళ్ళకి భయమంటే మాత్రం భయమెందుకు? సత్యవేణి కూడా అలాగే, గోరు చిక్కుడు తుంచుతూ ఎడం చేత్తో నొక్కింది. సింహాద్రికి నేనే ఫోను చేసి చెప్పాను.

"అలాగే మాస్టారూ. డూటీ దిగినాక నొక్కుతాను. తొందరేటి?"

తొందర. అది కూడా భయం పెట్టే కూడే తిని బతుకుతుందని నాకప్పుడు తట్టలేదు.

*

మర్నాడు కుక్కరు కూతకి సత్యవేణి ఉలిక్కిపడింది. నేను చంకలు గుద్దుకున్నాను. ఆ మర్నాడు రోడ్డు దాటేటప్పుడు నా చొక్కా పట్టుకుంది. కొత్త పెళ్ళికొడుకులా నడిచాను.

తర్వాత ఆనందం తగ్గిపోయింది. ఆవిడ స్టవ్వు ముందు నిలబడి కదల్లేకపోయింది. ఇన్ని నెలలూ దడ లేకుండా దాటేసిన వాటన్నిటికీ ఇప్పుడు విడివిడిగా దడ వస్తోంది. కదులుతున్న బస్సు. పిట్టగోడ. లైటరు. "నా వేలు దాని మీదే ఉందండీ," అని ఒకటే మాట. "మీరు కూడా ఇంట్లోనే ఉన్నారు. మీరు కూడా..." అన్నం సహించేది కాదు. మంచానికీ గోడకీ మధ్య సందులో కూర్చునేది. నేనూ అక్కడే ఇరుక్కుని కూర్చునేవాణ్ణి. ఎన్నడూ లేనిది, నాకు ఒక్క చమత్కారమూ తోచేది కాదు.

ఫోను అప్పుడే వచ్చింది. నజీమా గారు. నేను వింటున్నంతసేపూ సత్యవేణి నా మొహం చదువుతోంది.

"సింహాద్రి," అన్నాను. "పైనుంచి పడిపోయాడు. లేడు."

"కొత్తది వేసుకున్నాడా?"

"లేదు."

పళ్ళు టకటకా కొట్టుకుంటున్నాయి. చేత్తో తడుముకుంటూ ఫోను అందుకుంది. తెర మీద ‘ఆపు’ అన్న గుర్తు. దాని మీద బొటనవేలు వణుకుతూ ఆడుతోంది.

"నావల్ల కాదండీ. నొక్కేస్తాను. మొయ్యలేను."

వద్దనాలి. గ్యాసు నాటి పొద్దున్న గుర్తు చెయ్యాలి. కానీ ఎదురుగా ఉన్నది కళ్ళు పెద్దవి చేసుకుని ఊపిరందని మనిషి. నొక్కితే క్షణంలో తేలికపడుతుంది, నాతో నవ్వుతుంది, బీరకాయలు తెస్తుంది. నొక్కమని నాలుక చివరిదాకా వచ్చింది.

"నాకూ భయంగానే ఉంది సత్యా. నాకు ఆపే గుర్తు కూడా లేదు," అన్నాను.

చివరికి ఫోను నా వైపు జరపలేదు, నొక్కనూ లేదు. బీరువాలో చీరల అడుగున పెట్టి తాళం వేసింది.

"వాళ్ళింటికి తీసుకెళ్ళండి," అంది.

ఆటోలో దారంతా కళ్ళు మూసుకుని నా భుజం పట్టుకుంది. గోళ్ళు దిగాయి. లారీ పక్కనుంచి పోయినప్పుడల్లా ఓ మూలుగు. రెండుసార్లు ఆటో ఆపించి రోడ్డు పక్కన వాంతి చేసుకుంది. వెనక్కి పోదామా అంటే తల అడ్డంగా ఊపింది.

సింహాద్రి ఇల్లు ఇరుకు సందులో ఉంది. గుమ్మం ముందు చెప్పులు, లోపల ఏడ్చి ఏడ్చి అలిసిపోయిన ఆడవాళ్ళు. పోలమ్మ సత్యవేణిని చూసి లేవబోయింది. సత్యవేణే పక్కన చతికిలబడింది.

"అమ్మా, నీకు తెలుస్తాది, నీకూ ఆ కట్టుందంట కదా," అంది పోలమ్మ. గొంతు పూడిపోయి ఉంది. "అంత పైనుంచి పడినాడు. కిందకొచ్చీదాకా తెలుస్తాది కదమ్మా? మా ఆయన బెదిరిపోనాడేటమ్మా?"

గదిలో ఏడుపులు ఆగాయి. అందరూ ఆ జవాబు కోసమే చూస్తున్నారు.

"లేదమ్మా," అంది సత్యవేణి. "ఆ కట్టు ఉండగా భయం తెలీదు."

పోలమ్మ పెద్దగా ఊపిరి వదిలింది. మా ఆవిడ చేతులు రెండూ తీసుకుని తన కళ్ళకద్దుకుంది. "సల్లగుండు తల్లీ. నా మావ బెదిరిపోకుండా ఎల్లిపోనాడు. నీ పున్నెమే, నీ పున్నెమే."

నేను వెనకనుంచి సత్యవేణి భుజం మీద చెయ్యి వేశాను. చాలు, ఇక లే అని. ఆ దీవెన పుచ్చుకుని బయటికి నడిస్తే చాలు. ఆ గదిలో కోడంటే ఏమిటో తెలిసినవాళ్ళు లేరు. అడిగేవాళ్ళు లేరు. నా చేతి కింద ఆవిడ జాకెట్టు చెమటకి తడిసి ముద్దయింది.

"పున్నెం కాదమ్మా," అంది సత్యవేణి. మాట మాటకీ దవడ వణుకుతోంది. "బెదిరి ఉంటే లోపలికి జరిగేవాడు. బెల్టు పెట్టుకునేవాడు. బెదరనివ్వనిది నేను రాసిన ముక్క. సరిచెయ్యడం ఆలస్యం చేసింది కూడా నేనే."

ఎవరో ముసలావిడ "ఏటంటంది?" అని అడిగింది.

పోలమ్మ తలెత్తి చూసింది. చేతులు వదల్లేదు. పట్టు మాత్రం మారింది. వేళ్ళు బిగుసుకుంటున్న కొద్దీ సత్యవేణి గాజులు చర్మంలోకి దిగుతున్నాయి. మా ఆవిడ కళ్ళలో భయం నాకు స్పష్టంగా కనిపించింది, నిఖార్సయిన నిజం భయం. చెయ్యి మాత్రం లాక్కోలేదు.